ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యి

జనవరి 6, సోమవారం

జాయినయ్యాను. ఆరెంజ్ జాకెట్ ఇచ్చారు. వీపు మీద సేఫ్టీ అని ఇంతేసి అక్షరాలు. ఎవరో ఆరడుగుల మనిషికి కుట్టించినట్టుంది, నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. స్టోర్స్ ఆయన చూసి నవ్వాపుకున్నాడు. ఆపుకోకపోయినా బావుండేది.

ఎం.టెక్ ఇండస్ట్రియల్ సేఫ్టీ, ఆఖరి సెమిస్టర్. ఆరు నెలల ప్రాజెక్టు ఈ రొయ్యల ప్లాంటులో. బందరు నుంచి గుడివాడ పోయే రోడ్డు మీద, చుట్టూ చెరువులు. ఇక్కడ సేఫ్టీ ఆఫీసర్ పోస్టు ఏడాదిగా ఖాళీ. అంటే ఇవాళ్టి నుంచి సేఫ్టీ డిపార్ట్‌మెంట్ మొత్తం నేనే. జీయం పిచ్చేశ్వరరావుగారు కుర్చీ చూపించి, అమ్మాయ్, మాకు యాక్సిడెంట్లు లేవు, అవి రాకుండా చూడటమే నీ పని అన్నారు. పాపం మంచాయనే. టీ కూడా తెప్పించారు.

మ్యాపు గీసుకున్నాను. దక్షిణాన మెషీన్ రూమ్, అందులో అమ్మోనియా కంప్రెసర్లు. మధ్యలో పీలింగ్ హాల్, షిఫ్టుకి రెండొందల పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి రొయ్యలు ఒలుస్తారు. ఉత్తరాన రోడ్డు, మెయిన్ గేటు, గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు: అసెంబ్లీ పాయింట్, ప్రమాదమొస్తే అందరూ చేరాల్సిన చోటు. తూర్పున చెరువు గట్టు మీదకి చిన్న గేటు. దానికి తాళం. రొయ్యలు బయటికి పోతాయని తాళం అట.

ఆ రెండొందల పన్నెండు మందిలో మా అమ్మ ఒకతి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు.

జనవరి 9

కంపెనీ బస్సు పొద్దున్నే మా ఊరు గిలకలదిండి వస్తుంది. స్టాఫుకి ముందు సీట్లు. అమ్మ వెనక. ఇద్దరం ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సెక్కి, ముందొకళ్ళం వెనకొకళ్ళం కూర్చుంటాం. హాల్లో నేను కనపడితే మేడమ్ గారూ అంటుంది. మొహంలో నవ్వు కనపడదు, మాస్కు. కళ్ళల్లో మాత్రం తెలుస్తూనే ఉంటుంది. పక్కనున్నవాళ్ళంతా కిసుక్కున నవ్వుతారు.

ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక అలా పిలవద్దన్నాను. మరేమని పిలవాలే, హాల్లో నువ్వు మల్లివి కావుగా అంది.

జనవరి 24, శుక్రవారం

నా మొదటి మాక్ డ్రిల్. ఫ్లాప్.

పదకొండింటికి సైరన్ మోగించాను. హాల్లోంచి మెయిన్ గేటు దాకా నూట ఇరవై అడుగులు. ఏడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. ఎందుకంటే సైరన్ వినగానే సగం మంది గేటు వైపు కాదు, లాకర్ల వైపు వెళ్ళారు. గమ్‌బూట్లు విప్పి, కడిగి, బోర్లించి, ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని, క్యారేజీలు తీసుకుని వచ్చారు. ఒకావిడ దార్లో గుర్తొచ్చి గొడుక్కోసం వెనక్కి వెళ్ళింది. జనవరిలో గొడుగు.

నిజంగా గ్యాస్ లీకైతే చచ్చిపోతారు అని అరిచాను. నిజంగా లీకైతే చెప్పుల కోసం ఎందుకు పోతామండీ అంది ఆ గొడుగావిడ.

సాయంత్రం అమ్మ చేపల పులుసు కలుపుతూ, డ్రిల్ బానే ఉంది గానీ గేటు దగ్గరికి ఎందుకు రమ్మన్నావే అంది. అదే అసెంబ్లీ పాయింట్ అన్నాను. ఇప్పుడు ఉత్తరపు గాలి, సరిపోయింది, శివరాత్రి వెళ్ళాక గాలి తిరుగుద్ది, అప్పుడేం చేస్తావు అంది. కన్సల్టెంట్లు స్టడీ చేసి పెట్టిన పాయింట్ అమ్మా అది, నీకు గాలి తప్ప ఇంకేం తెలీదు అన్నాను.

నవ్వి, పులుసులో ఇంకాస్త చింతపండు పిండింది.

జనవరి 27

రూల్స్ రాశాను. మూడే మూడు. పెద్దక్షరాల్లో ఫ్లెక్సీ వేయించి హాల్లో కట్టించాను.

సైరన్ మోగగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టు లైన్లోకి రావాలి. ముందున్నవాళ్ళ భుజం మీద కుడిచెయ్యి వెయ్యాలి, పొగలో కళ్ళు కనపడకపోయినా దారి తప్పరు. ఎవరు పిలిచినా, ఎవరు అరిచినా ఆగకూడదు, వెనక్కి తిరక్కూడదు.

మూడోది గొడుగావిడ పుణ్యం.

ఫిబ్రవరి 12, బుధవారం

గుడివాడ వెళ్ళాను, కాలేజీలో రివ్యూ. నా గైడ్ సరోజిని మేడమ్‌కి ఐడియా తెగ నచ్చింది. టైటిల్ ఆవిడే చెప్పారు: పదేపదే ట్రెయినింగ్ ఇవ్వడం వల్ల ఎవాక్యుయేషన్ టైమ్ ఎంత తగ్గుతుంది. వారానికో డ్రిల్, గ్రాఫు, పేపరు. మనిషి ఆలోచించే టైమ్‌ని జీరో చెయ్యాలి మల్లేశ్వరీ, కాళ్ళకి నేర్పు, తలకి కాదు అన్నారు. నోట్స్‌లో రాసుకుని రెండుసార్లు గీత గీశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చాలా రోజుల తర్వాత నా మీద నాకు ఇష్టం కలిగింది.

ఫిబ్రవరి 28

మూడు నిమిషాల ఐదు సెకన్లు. చెప్పుల కోసం ఒక్కళ్ళు కూడా పోలేదు.

మార్చి 4, మంగళవారం

నేషనల్ సేఫ్టీ డే. అందరి చేతా ప్రతిజ్ఞ చేయించాను. జీయంగారు కొబ్బరికాయ కొట్టి జెండా ఎగరేశారు. పక్కన గొట్టంలాంటి గుడ్డ కట్టి ఉండాల్సిన స్తంభం బోసిగా ఉంది. విండ్ సాక్ ఏదండీ, గాలి ఎటు వీస్తోందో చూపించేది అని స్టోర్స్‌లో అడిగితే, భద్రంగా ఉందండీ, ఉప్పుగాలికి పాడైపోద్దని లోపల పెట్టాం, ఆడిట్ రోజున కడతాం అన్నాడు.

గాలికి పాడవుతుందని దాచిన విండ్ సాక్. నవ్వొచ్చింది. ఫోటో తీసి క్లాస్ గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. కట్టించాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఇది ఈ డైరీలో కాకపోతే ఎక్కడ ఒప్పుకుంటాను.

మార్చి 21, శుక్రవారం

మధ్యాహ్నం మూడింటికి డ్రిల్. హైదరాబాద్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు చూడటానికి. జీయంగారి పక్కన నిలబడి స్టాప్‌వాచ్ నొక్కాను.

లైను బయటికొచ్చింది. బాగా వస్తోంది. ఉన్నట్టుండి మధ్యలో తెగింది. నలభై ఒక్కమంది తూర్పుకి తిరిగి, చెరువు గట్టు గేటు దగ్గరికి వెళ్ళి, తాళం ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు మా అమ్మ.

తల కొట్టేసినట్టయింది. విజిల్ ఊదాను. వినలేదు. పరిగెత్తుకెళ్ళి, సత్యవతమ్మగారూ, బోర్డు కనపడట్లేదా మీకు అని అరిచాను. కన్నతల్లిని, రెండొందల మంది ముందు, పేరు పెట్టి, గారు తగిలించి.

కనపడుతోంది మేడమ్ గారూ, గాలి కూడా తెలుస్తోంది అంది.

హైదరాబాద్ ఆయనెవరో నవ్వాడు. జీయంగారు నవ్వలేదు. నలభై ఒక్కమందికీ హాఫ్ డే ఆబ్సెంట్ వేయించారు. రిజిస్టర్లో నాన్ కంప్లయంట్ అని రాసింది నేను.

మార్చి 22

ఇంట్లో అమ్మ మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మాట్లాడలేదు. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళాడు, సర్దిచెప్పేవాళ్ళు లేరు.

చివరికి నేనే అడిగాను, ఎందుకలా చేశావని. చిన్నప్పట్నుంచీ ఇసకలో చేపలు ఎండబెట్టినదాన్ని, గాలికి ఎటు నిలబడితే కంపు కొడుద్దో ఎవరూ చెప్పక్కర్లేదు నాకు అంది. మెషీన్ల గది దక్షిణాన ఉంది, ఇప్పుడు వీచేది దక్షిణపు గాలి, గ్యాసొస్తే తిన్నగా నీ బోర్డు మీదకే వచ్చిద్ది, అడ్డంగా గట్టు మీదకి పోతేనే బతుకుతాం అంది.

అమ్మోనియా గాలి కంటే తేలికమ్మా, పైకి పోతుంది, పుస్తకంలో ఉంది అన్నాను.

పుస్తకం ఎటు తిరిగి ఉందే అంది.

మార్చి 25

బిహేవియర్ బేస్డ్ సేఫ్టీ, ఏడో చాప్టర్. ఎదురు తిరిగేవాళ్ళలో లీడర్ ఎవరో గుర్తించు, ఆ లీడర్‌కే బాధ్యత అప్పగించు, మిగతావాళ్ళు వెనకే వస్తారు.

జీయంగారికి చెప్పాను. సత్యవతమ్మని ఎవాక్యుయేషన్ వార్డెన్ చేద్దాం, ఆకుపచ్చ బ్యాండ్ కట్టి లైనుకి ముందు నిలబెడదాం అని. ఆయన టేబుల్ మీద చరిచి, నీ బుర్ర బుర్ర కాదమ్మాయ్ అన్నారు. అమ్మని పిలిపించారు. ఒప్పుకుంటే నలభై ఒక్కమంది ఆబ్సెంట్లూ తీసేస్తామన్నారు.

అమ్మ నా వైపు చూడలేదు. కాసేపు గ్లవ్స్ సర్దుకుంది. చెయ్యి చాపింది. బ్యాండ్ నేనే కట్టాను.

ఏప్రిల్ 2, బుధవారం

మధ్యాహ్నం. నా ప్రాజెక్టు రిపోర్టులో నాలుగో చాప్టర్ కోసం గ్యాస్ డిస్పర్షన్ మోడల్ చేశాను. ఫ్రీ సాఫ్ట్‌వేర్, లీక్ సైజు ఇచ్చి, గాలి ఇచ్చి, నొక్కితే గ్యాస్ పాకే చోట మ్యాపు మీద ఎర్ర మచ్చ పడుతుంది.

జనవరి గాలి ఇచ్చాను. మచ్చ దక్షిణంగా పొలాల మీదకి పోయింది. ఏప్రిల్ గాలి ఇచ్చాను. పీలింగ్ హాల్ దాటి, మెయిన్ గేటు మీద పడింది. బోర్డు సరిగ్గా మధ్యలో ఉంది. చెరువు గట్టు తెల్లగా ఉంది. అక్కడ ఏమీ లేదు.

ఇన్‌పుట్ రెండుసార్లు మార్చాను. మచ్చ కదల్లేదు. అమ్మోనియా తేలికే, కానీ చల్లగా బయటికొచ్చి తేమతో కలిస్తే నేల మీదే పాకుతుంది. అది కూడా పుస్తకంలోనే ఉంది, తర్వాతి పేజీలో. కన్సల్టెంట్ రిపోర్టు తీసి చూశాను. సైట్ విజిట్ తేదీ డిసెంబర్ 18.

చదివింది పదిహేడేళ్ళు. అమ్మ మూడు ముక్కల్లో చెప్పింది.

అమ్మకి ఇవాళ చెప్పలేదు.

ఏప్రిల్ 3

జీయంగారి దగ్గరికి మ్యాపు పట్టుకెళ్ళాను. వేసవికి రెండో అసెంబ్లీ పాయింట్ గట్టు మీద పెట్టాలి, తూర్పు గేటు తాళం తియ్యాలి, లేదా తాళంచెవి గేటు దగ్గరే అద్దాల పెట్టెలో ఉంచాలి అన్నాను.

శ్రద్ధగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చూడమ్మా, ప్లాన్ని ఫ్యాక్టరీల డిపార్ట్‌మెంట్ అప్రూవ్ చేసింది, ఇప్పుడు మారిస్తే మళ్ళీ మొదట్నుంచీ పోవాలి, మే ఇరవైన ఫారిన్ బయ్యర్ల ఆడిట్, గట్టు వైపు గేటు తెరిచి ఉంటే ఎలకలొస్తాయని వాళ్ళే మొదటి పాయింట్ రాస్తారు అన్నారు. ఆడిట్ అవనీ, జూన్‌లో చూద్దాం అన్నారు. నువ్వు మా ఇంద్రజ లాంటిదానివి, తొందరపడకు అన్నారు. ఇంద్రజ ఆయన కూతురు.

జూన్‌లో గాలి మళ్ళీ తిరుగుతుందని ఆయనకి తెలుసో లేదో.

ఏప్రిల్ 9, బుధవారం

గుడివాడ. సరోజిని మేడమ్ మ్యాపు చాలాసేపు చూశారు. నిజమే అన్నారు. తప్పు పాయింట్‌కి నేర్పిన డ్రిల్ డేటాతో పేపరు వేస్తున్నాం అని కూడా అన్నారు. తర్వాత లేచి ఫ్యాన్ స్పీడ్ పెంచి వచ్చి కూర్చున్నారు.

స్కోప్ మారిస్తే మళ్ళీ కమిటీ, మళ్ళీ ఆరు నెలలు. నీ ఇష్టం అన్నారు. లేదంటే లిమిటేషన్స్ సెక్షన్లో ఒక వాక్యం రాయి, గాలి దిశ మార్పులను ఈ అధ్యయనం పరిగణనలోకి తీసుకోలేదు అని. అందరూ రాస్తారు అలాంటివి అన్నారు.

రాశాను. తొమ్మిది పదాలు కూడా లేవు. మా అమ్మ చెప్పిందంతా పట్టింది అందులో.

ఏప్రిల్ 15

ఇవాళ్టి నుంచి వేట నిషేధం. నాన్న ఇంటికొచ్చాడు. వాకిట్లో వల పరుచుకుని కూర్చుని, దక్షిణపు గాలి బాగా పట్టిందే అన్నాడు. అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

ఏప్రిల్ 26, శనివారం

మెషీన్ రూమ్‌లో జకరయ్య బాబాయ్ ఆపరేటర్. ముప్పయ్యేళ్ళుగా ఆ చప్పుడులో ఉండి ఉండి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. గంధకం బత్తి వెలిగించి పైపుల వెంట తిప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయిల్ తీసే వాల్వు దగ్గర పొగ తెల్లగా చిక్కబడింది. లీకుంటే అలా అవుతుంది. చూశావా అమ్మా, చెమరుస్తోంది, కొత్త వాల్వు కావాలని రాసిచ్చి రెండు నెలలైంది అన్నాడు. నా రిజిస్టర్లో రాశాను, అర్జెంట్ అని. జీయంగారు సంతకం పెట్టారు. ఆడిట్ తర్వాత షట్‌డౌన్‌లో అని పక్కన రాశారు.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చున్నాను. నువ్వు చెప్పిందే నిజం అన్నాను. మూడు వారాలుగా దాచిన మాట. గెలిచినట్టు మొహం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. తెలిసిందిలే, ఏప్రిల్ రెండున నువ్వు అన్నం సగంలో లేచావు అంది.

నిజంగా ఏదైనా అయితే బోర్డు దగ్గరికి రాకు, వీళ్ళని తీసుకుని గట్టు వైపు పో, తాళం పగలగొట్టండి అన్నాను. అమ్మ బెండకాయలు తరుగుతోంది. చెప్పడం తేలికేనే అంది. మొన్న రైసుమిల్లు సైరన్ మోగితే బజార్లో ఉన్నాను, నా చెయ్యి లేచి ముందున్నావిడ భుజం మీద పడింది, ఆవిడెవరో నాకు తెలీనే తెలీదు, చీర చూస్తున్నాననుకుంది పాపం అంది.

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నిన్నటి డ్రిల్ ఒక నిమిషం యాభై ఎనిమిది సెకన్లు.

మే 5, సోమవారం

ఆఫర్ లెటర్ ఇచ్చారు. అసిస్టెంట్ సేఫ్టీ ఆఫీసర్. ఆడిట్ పాసైతే జూన్ నుంచి. నాన్న రెండు చేతులా పట్టుకుని చూశాడు, ఎక్కడ నలుగుతుందోనని. అమ్మ దేవుడి దగ్గర పెట్టింది.

తాళంచెవి గురించి మళ్ళీ అడగాలనే వెళ్ళాను జీయంగారి గదిలోకి. లెటర్ తీసుకుని బయటికొచ్చాను. ఎవరూ నా నోరు నొక్కలేదు.

మే 13, మంగళవారం. సాయంత్రం 6:30, ఆసుపత్రి

వరసగా రాస్తాను.

మూడూ నలభైకి సైరన్. డ్రిల్ కాదు, డ్రిల్ అయితే నాకు తెలియాలి. నేను ఆఫీసులో ఉన్నాను. ఏం చేశాను? స్టాప్‌వాచ్ తీసుకుని మెయిన్ గేటుకి పరిగెత్తాను. పదిహేను వారాలుగా సైరన్ మోగితే నేను వెళ్ళేది అక్కడికే. బోర్డు కింద నిలబడి వాచీ నొక్కాను. నొక్కాక ముక్కుకి తగిలింది.

ఆయిల్ వాల్వు ఊడింది. జకరయ్య బాబాయ్ తడి గోనె మొహానికి చుట్టుకుని బయటపడి సైరన్ నొక్కి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు, మెయిన్ వాల్వు కట్టడానికి. ఇది తర్వాత తెలిసింది.

మెషీన్ రూమ్ వైపు నుంచి తెల్లగా, మడి మీద మంచులా, నేల మీద నుంచే వస్తోంది. హాల్ తలుపు తెరుచుకుంది. లైను బయటికొచ్చింది. ఒక్కళ్ళూ పరిగెత్తలేదు. ఒక్కళ్ళూ చెప్పుల కోసం పోలేదు. కుడిచెయ్యి ముందున్నవాళ్ళ భుజం మీద. ముందు అమ్మ, ఆకుపచ్చ బ్యాండ్.

ఆగండి అని అరిచాను. తూర్పుకి పొండి, గట్టు వైపు పొండి అని అరిచాను. ఆగలేదు. ఎవరు అరిచినా ఆగకూడదు కదా. చేతులూపాను. జాకెట్ విప్పి ఊపాను. అమ్మా అని అరిచాను, మొదటిసారి ఆ ఆవరణలో. అమ్మ నడుస్తూనే ఉంది. తెల్లది నాకూ వాళ్ళకీ మధ్యకి వచ్చేసింది. అందులోంచి ఒక్కొక్కళ్ళూ బయటికొస్తున్నారు నా వైపు, కళ్ళు మూసుకుని, దగ్గుతూ, లైను తెగకుండా.

గేటు తీయించి రోడ్డు మీదకి తోశాం. చెరువు నీళ్ళు బిందెలతో తెచ్చి మొహాల మీద పోశారు ఊళ్ళోవాళ్ళు. ముప్ఫై ఒక్కమందిని ఆసుపత్రికి తెచ్చారు. ముగ్గురికి కళ్ళు బాగా దెబ్బతిన్నాయి. వార్డెన్‌ది అందరికంటే ఎక్కువ. చివరి మనిషి గేటు దాటేదాకా లోపలే నిలబడి భుజాలు తట్టి పంపిందిట. వార్డెన్ అలాగే చెయ్యాలి. నేనే నేర్పాను.

స్టాప్‌వాచ్ ఆపడం మర్చిపోయాను. ఇప్పుడు జేబులోంచి తీస్తే ఇంకా తిరుగుతోంది.

మే 14

జకరయ్య బాబాయ్‌కి ఊపిరితిత్తులు. ఆక్సిజన్ పెట్టారు. బతుకుతాడన్నారు.

అమ్మ రెండు కళ్ళకీ కట్టు. ఒకటి వస్తుందిట, రెండోది చెప్పలేమన్నారు. పక్కన కూర్చుంటే చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. అడగకూడదనుకున్నాను. అడిగాను. నీకు గాలి తెలుసు కదా, ఎందుకొచ్చావమ్మా అని.

హాల్ తలుపు తియ్యగానే తెలిసింది, తూర్పుకి తిరగబోయాను అంది. తాళం పగలగొట్టడానికి ఎవరి చేతిలో ఏముందో కూడా చూసుకున్నాను అంది. గేటు దగ్గర నువ్వు కనపడ్డావు. నువ్వేమో అరుస్తున్నావు, నాకు నీ అరుపు వినపడలా, నువ్వు నిలబడి ఉండటం కనపడింది. నువ్వక్కడ నిలబడి ఉంటే నేనెటు పోతానే అంది.

బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కళ్ళు మండుతున్నాయి, అది గ్యాస్.

మే 19, సోమవారం

కంపెనీ రిపోర్టు తయారైంది. నేను సంతకం పెట్టాలి, సేఫ్టీ ట్రెయినర్ హోదాలో. చదివాను. కార్మికులు భయాందోళనకు గురై, శిక్షణలో చెప్పిన విధానం పాటించకుండా, గ్యాస్ ఉన్న వైపుకు వెళ్ళారు.

జీయంగారు ఆసుపత్రి ఖర్చులన్నీ కంపెనీయే చూస్తుందన్నారు. చూస్తోంది కూడా. ఆయన కళ్ళు వాచి ఉన్నాయి, నిద్ర లేనట్టుంది. ఈ వాక్యం నీకూ మంచిదేనమ్మా, లేకపోతే ట్రెయినింగ్ ఇచ్చింది ఎవరని అడుగుతారు అన్నారు. నిజమే. ఆ వాక్యం నన్ను కాపాడటానికే పుట్టింది. అందులోకి వెళ్ళి తలుపేసుకుంటే చాలు, జన్మంతా ఉండొచ్చు.

విచారణకొచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌గారు పక్క గదిలో ఉన్నారు. వెళ్ళాను. కంపెనీ టైపు చేసిన కాగితం కోసం ఆయన చెయ్యి చాపారు. తెల్ల కాగితం అడిగాను. రాశాను:

వాళ్ళు భయపడలేదు. విధానం తప్పలేదు. నేను నేర్పింది నేర్పినట్టు చేశారు. నేర్పిన చోటు తప్పు. ఏప్రిల్ 2 నుంచి నాకు తెలుసు. తూర్పు గేటుకి తాళం ఉంది. వాల్వు గురించి ఏప్రిల్ 26న రాశాను, రిజిస్టర్ చూడండి.

మ్యాపు జత చేశాను. సంతకం పెట్టాను. జాకెట్ మడిచి స్టోర్స్‌లో ఇచ్చేశాను. రసీదు ఇమ్మంటే ఆయన నా మొహం చూడకుండా రాశాడు.

తేలికపడతాననుకున్నాను. బస్సులో ముందు సీటులో కూర్చోబోయి, లేచి వెనక్కి వెళ్ళాను. అమ్మ కూర్చునే సీటు ఖాళీగా ఉంది. అందులోనూ కూర్చోలేకపోయాను. గిలకలదిండి దాకా నిలబడే వచ్చాను.

మే 24

సరోజిని మేడమ్ ఫోన్. ప్రాజెక్టు ఇప్పట్లో తేలదు, కమిటీ ఏమంటుందో తెలీదు అన్నారు. లిమిటేషన్స్‌లో రాయమన్నది నేనే కదా, స్టేట్‌మెంట్‌లో నా పేరెందుకు రాయలేదు అన్నారు. రాసింది నా చెయ్యే మేడమ్ అన్నాను. నేనూ ఇన్‌స్పెక్టర్‌గారికి ఉత్తరం రాస్తున్నాను అని పెట్టేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మని చూడటానికి గొడుగావిడ ఇంటికి వచ్చింది. పండ్లు తెచ్చింది. నన్ను తిడుతుందేమోనని లోపలి గదిలోకి పోబోయాను. మేడమ్ గారూ, మీ చేతుల్లో ఉన్నది కాదు లెండి అంది. తిట్టినా బావుండేది.

జూన్ 9, ఉదయం

వేట మళ్ళీ మొదలవబోతోంది. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ సైరన్ మోగించి చూసుకున్నారు.

అమ్మ మంచం మీంచి లేచింది. కళ్ళకి కట్టు. కుడిచెయ్యి ముందుకి చాపి వీధి తలుపు వైపు నడిచింది. నాన్న పిలిచాడు. నేను పిలిచాను. ఆగలేదు.

వెళ్ళి ముందు నిలబడ్డాను. చెయ్యి నా భుజం మీద పడింది. నేను పెరటి వైపు తిరిగాను. అమ్మ కూడా తిరిగింది.

మే 13న ఇలా ముందుకెళ్ళి నిలబడలేదు. నేను అరిచాను.